ఒకే లాగ్ మెసేజ్ నాలుగు చోట్లకు: పైథాన్ లాగింగ్‌ను సరిగ్గా అమర్చుకునే పద్ధతి

ప్రోగ్రామ్ తాను ఏం చేస్తోందో రాసే లైనే లాగ్ మెసేజ్. అది స్క్రీన్ మీద కనిపించాలి, ఫైల్లో పడాలి, సిస్టమ్ లాగ్‌లోకి వెళ్లాలి, ఎర్రర్ వస్తే మెయిల్ రావాలి. ఇవన్నీ ఒకే మెసేజ్‌తో జరగాలి. పైథాన్‌తో వచ్చే లాగింగ్ మాడ్యూల్‌తోనే ఇదంతా అవుతుంది, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కానీ అమర్చే వరుస తప్పితే ఒకే లైను రెండేసి సార్లు పడుతుంది, లేదా అసలు పడదు.

ఉదాహరణకి లినక్స్ సర్వర్ మీద రాత్రిపూట క్రాన్‌లో (పెట్టిన వేళకు ప్రోగ్రామ్‌ను తనంతట తానే నడిపే ఏర్పాటు) నడిచే ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను తీసుకుందాం. పైథాన్ 3.8 లేదా ఆపై వెర్షన్ ఉండాలి. ఇక్కడ తెలుగు లిపిలో కనిపించే క్లాసులు, ఫంక్షన్ల పేర్లను కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో, పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే టైప్ చేయాలి.

## 1. ముందు కాగితం మీద రాసుకోండి

కోడ్ తెరవకముందే ఒక్కో అవుట్‌పుట్‌ను ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు అన్నది తేల్చుకోండి. దాన్ని బట్టే లెవెల్, అంటే మెసేజ్ ఎంత ముఖ్యమైనదో చెప్పే మెట్టు, వస్తుంది. పైథాన్‌లో లెవెళ్లకు అంకెలున్నాయి: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50.

మన బిల్లింగ్ ప్రోగ్రామ్‌కు ఇలా పెట్టుకుందాం:

- ఫైల్: 10 నుంచి. మర్నాడు కూర్చుని కారణం వెతికేవాళ్లకు. అన్నీ ఉండాలి.
- కన్సోల్ (స్క్రీన్): 20 నుంచి. చేత్తో నడిపేటప్పుడు పని ఎంతదాకా వచ్చిందో చూడటానికి.
- సిస్‌లాగ్ (సిస్టమ్ లాగ్): 30 నుంచి. సర్వర్లు చూసుకునేవాళ్లకు.
- మెయిల్: 40 నుంచి. నిద్రలేపినా ఫర్వాలేదనుకున్న సంగతులకు మాత్రమే.

మెయిల్ లెవెల్‌ను 30కి దించాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. వారం తిరిగేసరికి ఆ మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్లోకి మళ్లిపోతాయి, ఆ ఫోల్డర్‌ను తెరిచేవాళ్లు ఉండరు.

## 2. రెండు తూముల లెక్క

గందరగోళంలో ముప్పాతిక వంతు ఇక్కడే పుడుతుంది కాబట్టి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మెసేజ్ పుట్టేది లాగర్ దగ్గర, బయటికి వెళ్లేది హ్యాండ్లర్ ద్వారా. రెండింటికీ వేర్వేరు లెవెళ్లున్నాయి. పెద్ద కాలువ తూము మూసి ఉంటే పిల్ల కాలువ తూము ఎంత బార్లా తెరిచినా పొలానికి నీళ్లు రావు. ఇక్కడా అంతే. ఫైల్ హ్యాండ్లర్‌కు 10 పెట్టి, లాగర్ లెవెల్ ముట్టుకోకుండా వదిలేస్తే డీబగ్ మెసేజ్‌లు ఫైల్లో పడవు. ఎందుకంటే అన్నిటికీ పైనుండే రూట్ లాగర్ లెవెల్ మనం మార్చేదాకా 30.

లాగర్లకు చుక్కతో వంశవృక్షం ఉంటుంది. 'బిల్లింగ్.లెక్క' అనే లాగర్‌కు 'బిల్లింగ్' తల్లి, దానికి రూట్ తల్లి. ఒక మెసేజ్ వెంట నడిచి చూద్దాం. 'బిల్లింగ్.లెక్క' నుంచి "బిల్లు 4021: స్లాబ్ 2 లెక్క పూర్తయింది" అనే ఇన్ఫో మెసేజ్ బయల్దేరింది. 'బిల్లింగ్' లెవెల్ 10, రూట్ లెవెల్ 30, నాలుగు హ్యాండ్లర్లూ రూట్‌కే తగిలించి ఉన్నాయి.

1. 'బిల్లింగ్.లెక్క'కు సొంత లెవెల్ లేదు. పైకి చూస్తే 'బిల్లింగ్'లో 10 దొరికింది. 20 అంతకంటే ఎక్కువ, దాటింది.
2. దానికి గానీ, 'బిల్లింగ్'కు గానీ హ్యాండ్లర్లు లేవు. మెసేజ్ రూట్ దగ్గరికి పాకింది.
3. రూట్ లెవెల్ 30 కదా, ఆగిపోవాలి కదా అనిపిస్తుంది. ఆగదు. పైకి పాకే మెసేజ్‌ను తల్లి లాగర్ లెవెల్ అడ్డుకోదు. ఆ తల్లికి తగిలించిన హ్యాండ్లర్ల లెవెళ్లే చూస్తుంది.
4. ఫైల్ 10, కన్సోల్ 20 కాబట్టి రెండింట్లోనూ పడింది. సిస్‌లాగ్, మెయిల్ వదిలేశాయి.

మూడో మెట్టు విచిత్రంగా కనిపించినా మనకు మేలు చేసేది అదే. రూట్‌ను 30 దగ్గరే ఉంచితే బయటి లైబ్రరీల డీబగ్ రొద అక్కడే ఆగిపోతుంది, మన సొంత మెసేజ్‌లు మాత్రం అన్నీ వస్తాయి. రూట్‌ను 10కి దించారంటే మీ ఫైల్లో సగం హెచ్‌టీటీపీ లైబ్రరీ ఏ కనెక్షన్ తెరిచిందో చెప్పే లైన్లే ఉంటాయి.

## 3. అమర్చే వరుస

అమరికంతా ఒకే ఫంక్షన్లో రాయండి. దాన్ని ప్రోగ్రామ్ మొదలయ్యే చోట, ఒకే ఒక్కసారి పిలవండి. వేరే మాడ్యూళ్లలో హ్యాండ్లర్ అనే మాటే కనిపించకూడదు.

3.1 లాగ్ ఫోల్డర్ ఉందో లేదో చూసి, లేకపోతే సృష్టించండి. ఫైల్ హ్యాండ్లర్ ఫైల్‌ను తెరుస్తుందే గానీ ఫోల్డర్‌ను తయారు చేయదు. క్రాన్ ఏ యూజర్ పేరుతో నడుస్తుందో ఆ యూజర్‌కు రాసే అనుమతి ఉండాలి.

3.2 లైను ఏ రూపంలో పడాలో చెప్పే ఫార్మాటర్లు రెండు తయారు చేయండి. ఫైల్‌కు, మెయిల్‌కు నిండుగా: టైమ్, లెవెల్, లాగర్ పేరు, లైన్ నంబర్, మెసేజ్. కన్సోల్‌కు పొట్టిగా: లెవెల్, మెసేజ్ చాలు. సిస్‌లాగ్ తన టైమ్ తానే వేసుకుంటుంది కాబట్టి దానికీ పొట్టిదే ఇవ్వండి.

3.3 హ్యాండ్లర్లు నాలుగూ తయారు చేసి, ఒక్కోదానికి లెవెల్, ఫార్మాటర్ తగిలించండి.

3.4 నాలుగింటినీ రూట్‌కు తగిలించి, రూట్ లెవెల్ 30, 'బిల్లింగ్' లెవెల్ 10 చేయండి.

3.5 ప్రతి మాడ్యూల్ పైన గెట్‌లాగర్‌కు మాడ్యూల్ పేరు ఇచ్చి లాగర్ తెచ్చుకోండి. మాడ్యూళ్లు 'బిల్లింగ్' అనే ప్యాకేజీలో ఉంటే డబుల్ అండర్‌స్కోర్ నేమ్ అనే వేరియబుల్‌తో ఇది తనంతట తానే అవుతుంది. ఒక్క చోట మాత్రం బెడిసికొడుతుంది: నేరుగా నడిపే మెయిన్ స్క్రిప్ట్‌లో ఆ వేరియబుల్ విలువ అటూ ఇటూ డబుల్ అండర్‌స్కోర్‌లున్న 'మెయిన్' అయిపోతుంది. అప్పుడది 'బిల్లింగ్' బిడ్డ కాదు, రూట్ లెవెల్ 30 దానికి వర్తిస్తుంది. అన్ని మాడ్యూళ్ల ఇన్ఫో వస్తూ మెయిన్‌ది మాత్రమే రాకపోతే కారణం ఇదే. అక్కడ 'బిల్లింగ్.మెయిన్' అని చేత్తో పేరు రాయండి.

ఇదంతా డిక్ట్‌కాన్ఫిగ్ అనే డిక్షనరీ రూపంలో రాస్తే అమరిక ఒకే చూపులో కనిపిస్తుంది. దాని ఎముకల గూడు ఇది:

- వెర్షన్: 1
- డిజేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్: ఫాల్స్
- ఫార్మాటర్లు: నిండు, పొట్టి
- హ్యాండ్లర్లు: ఫైల్ 10 నిండు, కన్సోల్ 20 పొట్టి, సిస్‌లాగ్ 30 పొట్టి, మెయిల్ 40 నిండు
- లాగర్లు: బిల్లింగ్, లెవెల్ 10
- రూట్: లెవెల్ 30, నాలుగు హ్యాండ్లర్లూ

రెండో లైను మర్చిపోవద్దు. అది రాయకపోతే విలువ ట్రూ. కాన్ఫిగ్ నడిచేలోపే ఇంపోర్ట్ అయిన మాడ్యూళ్ల లాగర్లు, కాన్ఫిగ్‌లో వాటి పేరు గానీ, వాటి తల్లి పేరు గానీ లేకపోతే, చడీచప్పుడు లేకుండా నోరు మూసుకుంటాయి.

చిన్న స్క్రిప్ట్‌కు ఇంత అక్కర్లేదు. బేసిక్‌కాన్ఫిగ్‌కు లెవెల్, హ్యాండ్లర్ల జాబితా ఇస్తే చాలు. ఏ లైబ్రరీ అయినా ముందే రూట్‌కు హ్యాండ్లర్ తగిలించి ఉంటే బేసిక్‌కాన్ఫిగ్ ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి ఫోర్స్‌కు ట్రూ ఇవ్వండి. 3.8 కావాలన్నది అందుకే.

## 4. ఒక్కో అవుట్‌పుట్ దగ్గర చూసుకోవాల్సినవి

### 4.1 కన్సోల్

స్ట్రీమ్‌హ్యాండ్లర్‌కు ఏమీ చెప్పకపోతే స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (ఎర్రర్ల కోసం విడిగా ఉండే అవుట్‌పుట్ దారి) రాస్తుంది, స్టాండర్డ్ అవుట్‌లోకి కాదు. ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మరో కమాండ్‌కు పైప్ చేసేవాళ్లకు ఇదే సుఖం, మార్చకండి.

క్రాన్ కింద మాత్రం స్క్రీన్ మీదికి వచ్చేదంతా, మెయిల్ పంపే ఏర్పాటు ఉన్న సర్వర్లో, ఆ క్రాన్ యజమానికి మెయిల్‌గా వెళ్తుంది. కన్సోల్ 20 దగ్గర ఉంటే రోజూ రాత్రి ఒక మెయిల్ ఖాయం. స్టాండర్డ్ ఎర్రర్ నిజంగా టెర్మినలా కాదా అని ఐజ్ఎటీటీవై ఫంక్షన్‌తో అడిగి, కాకపోతే కన్సోల్ లెవెల్ 50కి పెంచేయండి.

### 4.2 ఫైల్

మామూలు ఫైల్‌హ్యాండ్లర్ వాడితే ఫైల్ పెరుగుతూనే ఉంటుంది. సైజును బట్టి మార్చే రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్ అయితే మ్యాక్స్‌బైట్స్ 10485760, అంటే 10 ఎంబీ, బ్యాకప్‌కౌంట్ 5 ఇవ్వండి. నడుస్తున్న ఫైల్ ఒకటి, పాతవి ఐదు, మొత్తం 60 ఎంబీ దాటదు. బ్యాకప్‌కౌంట్ మర్చిపోతే విలువ 0, అప్పుడు మ్యాక్స్‌బైట్స్ ఎంత ఇచ్చినా ఫైల్ పెరుగుతూనే పోతుంది. తేదీని బట్టి మార్చే టైమ్డ్‌రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్‌లో అదే 0కి అర్థం వేరు: ఫైల్ మారుతుంది గానీ పాతవి ఎప్పటికీ తుడవదు.

తేదీ సంగతిలో ఇంకో చిక్కు. క్లౌడ్ సర్వర్ల గడియారం చాలా చోట్ల యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. మిడ్‌నైట్ అని రాసిన ఫైల్ మన టైమ్ ప్రకారం పొద్దున్న 5:30కి మారుతుంది, రాత్రి రెండింటికి వచ్చిన ఎర్రర్ ముందురోజు తేదీతో కనిపిస్తుంది. టైమ్ పక్కన జోన్ తేడా కూడా పడేలా డేట్ ఫార్మాట్‌లో శాతం గుర్తు, చిన్న జెడ్ చేర్చండి. డేట్ ఫార్మాట్ సొంతంగా ఇస్తే మిల్లీసెకన్లు పోతాయి, వాటిని ఎంసెక్స్ అనే ఫీల్డ్‌తో విడిగా తెచ్చుకోండి.

ఎన్‌కోడింగ్‌కు ఎప్పుడూ యూటీఎఫ్-8 అని రాయండి. విండోస్‌లో ఇది రాయకపోతే చాలా మెషీన్లలో పాత సీపీ1252 పట్టుకుంటుంది. వినియోగదారు పేరు తెలుగులో ఉన్న మొదటి మెసేజ్‌కే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వచ్చి ఆ లైను గల్లంతవుతుంది. ప్రోగ్రామ్ ఆగదు కాబట్టి చాన్నాళ్లు ఎవరూ గమనించరు.

### 4.3 సిస్‌లాగ్

సిస్‌లాగ్‌హ్యాండ్లర్‌కు అడ్రస్ ఇవ్వకపోతే లోకల్‌హోస్ట్ 514 పోర్టుకు యూడీపీలో విసురుతుంది. అక్కడ వినేవాళ్లు లేకపోతే ఎర్రర్ కూడా రాకపోవచ్చు. లినక్స్‌లో అడ్రస్‌గా '/డెవ్/లాగ్' ఇవ్వండి. ఐడెంట్ అనే గుణానికి ప్రోగ్రామ్ పేరు, కోలన్, ఒక ఖాళీ పెడితే తర్వాత వెతకడం తేలిక.

ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపే లైన్లు) పది లైన్లుంటే ఆర్‌సిస్‌లాగ్ (సిస్‌లాగ్‌ను ఫైళ్లలో రాసే ప్రోగ్రామ్) దాన్ని ఒకే లైనుగా చేసి, లైన్లు విరిగే చోట '#012' పెడుతుంది. కంగారు పడకండి, పూర్తి రూపం ఫైల్లో ఉంది.

ప్రోగ్రామ్‌ను క్రాన్‌లో కాకుండా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీస్‌గా నడిపితే కన్సోల్ అవుట్‌పుట్ జర్నల్‌లోకి, అంటే దాని సొంత లాగ్‌లోకి, వెళ్తుంది. ఆ '/డెవ్/లాగ్' కూడా జర్నల్ చేతిలోనే ఉంటుంది. ఒకే ఎర్రర్ రెండుసార్లు కనిపిస్తుంది. ఏదో ఒకటి తీసేయండి. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను విడి డబ్బాలో నడిపే పద్ధతి) అయితే సిస్‌లాగ్, ఫైల్ రెండూ వదిలేసి కన్సోల్ ఒక్కటే ఉంచడం మేలు. కానీ డాకర్ మామూలుగా వాడే జేసన్-ఫైల్ డ్రైవర్‌కు మ్యాక్స్-సైజ్ చెప్పకపోతే అదీ హద్దు లేకుండా పెరుగుతుంది.

### 4.4 మెయిల్

ఎస్‌ఎంటీపీహ్యాండ్లర్ ప్రతి మెసేజ్‌కూ కొత్త కనెక్షన్ తెరిచి, ఒక మెయిల్ పంపి, మూసేస్తుంది. 300 బిల్లులు తప్పితే 300 మెయిళ్లు. మెమరీహ్యాండ్లర్ అడ్డం పెడితే అన్నీ కలిపి ఒక మెయిల్‌గా వస్తాయనుకుంటారు. రావు. అది పోగుచేసి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ ఒక్కొక్కటిగానే అందిస్తుంది. ఒకే మెయిల్ కావాలంటే బఫరింగ్‌హ్యాండ్లర్ నుంచి సొంత క్లాస్ చేసుకుని, అందులో ఫ్లష్ ఫంక్షన్‌ను మీరే రాయాలి. దానికంటే తేలిక దారి ఒకటుంది: ఒక్కో బిల్లు తప్పును వార్నింగ్‌గా రాసి, చివర్లో "300 బిల్లులు లెక్క తేలలేదు" అని ఒకే ఎర్రర్ రాయడం.

కనెక్షన్ సంగతి: 587 పోర్టు, క్రెడెన్షియల్స్, సెక్యూర్‌కు ఖాళీ టుపుల్. సెక్యూర్ ఇవ్వకపోతే టీఎల్‌ఎస్ మొదలుకాదు. మొదటి నుంచీ ఎస్‌ఎస్‌ఎల్‌తో మాట్లాడే 465 పోర్టుతో ఈ హ్యాండ్లర్ పనిచేయదు. పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాయొద్దు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి.

## 5. ఐదు మెసేజ్‌ల పరీక్ష

అమరిక అయ్యాక 'బిల్లింగ్.పరీక్ష' అనే లాగర్‌తో ఐదు లెవెళ్లలో ఒక్కో మెసేజ్ పంపి లెక్కపెట్టండి.

- ఫైల్లో 5
- కన్సోల్‌లో 4
- సిస్‌లాగ్‌లో 3
- మెయిళ్లు 2

టెర్మినల్ నుంచి నడిపినప్పుడు 5-4-3-2 రాకపోతే ముందుకెళ్లకండి. 10-8-6-4 వచ్చిందంటే అమరిక రెండుసార్లు నడిచింది. ఫైల్లో 3 మాత్రమే వస్తే పెద్ద తూము 30 దగ్గరే ఉంది.

తర్వాత మెయిల్ పాస్‌వర్డ్ కావాలని తప్పు పెట్టి మళ్లీ నడపండి. స్టాండర్డ్ ఎర్రర్‌లో లాగింగ్ ఎర్రర్ అనే శీర్షికతో ట్రేస్‌బ్యాక్ కనిపించాలి, మిగతా మూడు చోట్లా మెసేజ్‌లు పడాలి, ప్రోగ్రామ్ చివరిదాకా నడవాలి. రాసేటప్పుడు ఒక హ్యాండ్లర్ చెడితే మిగతావాటికి అంటకూడదన్నది ఈ మాడ్యూల్ పద్ధతి. అమర్చేటప్పుడు ఫైల్ తెరుచుకోకపోతే మాత్రం ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది, ఆగడమే మంచిది.

## 6. మెయిల్ వల్ల ప్రోగ్రామ్ నత్తనడక నడిస్తే

మెయిల్ సర్వర్ జవాబిచ్చేదాకా ప్రోగ్రామ్ నిలబడే ఉంటుంది. రాత్రి బ్యాచ్‌కు ఫర్వాలేదు గానీ వెబ్ అప్లికేషన్‌లో వినియోగదారు పేజీ కోసం ఎదురుచూస్తుంటాడు. అప్పుడు క్యూ, అంటే మెసేజ్‌లు వరుసలో ఆగే చోటు, పెట్టాలి.

1. రూట్‌కు క్యూహ్యాండ్లర్ ఒక్కటే తగిలించండి.
2. అసలు నాలుగు హ్యాండ్లర్లనూ క్యూలిజనర్‌కు ఇవ్వండి. అది వేరే థ్రెడ్‌లో వాటిని నడుపుతుంది.
3. రెస్పెక్ట్ హ్యాండ్లర్ లెవెల్‌కు ట్రూ ఇవ్వండి. ఇవ్వకపోతే విలువ ఫాల్స్, లిజనర్ హ్యాండ్లర్ల లెవెళ్లు చూడకుండా ప్రతి మెసేజ్‌నూ అందరికీ పంచేస్తుంది. క్యూ పెట్టిన రోజే డీబగ్ మెసేజ్‌లు కూడా మెయిల్లోకి వరదలా వచ్చాయంటే ఇదే.
4. స్టార్ట్ పిలవండి. స్టాప్‌ను ఎటెగ్జిట్‌లో (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు నడిచే పనుల జాబితా) నమోదు చేయండి, లేకపోతే చివరి మెసేజ్‌లు క్యూలోనే ఉండిపోతాయి. ప్రోగ్రామ్ కూలినప్పుడు మనకు కావాల్సింది సరిగ్గా ఆ చివరి మెసేజ్‌లే.

3.12 నుంచి ఈ అమరికను డిక్ట్‌కాన్ఫిగ్‌లోనే రాయొచ్చు, స్టార్ట్ మాత్రం మీరే పిలవాలి. క్యూహ్యాండ్లర్ మెసేజ్‌ను ముందే ఫార్మాట్ చేసి ట్రేస్‌బ్యాక్‌ను అందులో కలిపేస్తుంది. ఆ తర్వాత జేసన్ ఫార్మాటర్ ఉంటే దాని ఎక్సెప్షన్ గడి ఖాళీగా కనిపిస్తుంది.

## 7. లక్షణం, కారణం, మందు

ప్రతి లైనూ రెండుసార్లు. హ్యాండ్లర్‌ను 'బిల్లింగ్'కూ, రూట్‌కూ తగిలించారు. ఒక చోట తీసేయండి, లేదా 'బిల్లింగ్'లో, మెసేజ్ పైకి పాకాలా వద్దా అని చెప్పే ప్రాపగేట్‌ను ఫాల్స్ చేయండి. రెండు, తర్వాత మూడు, తర్వాత నాలుగు ఇలా పెరుగుతూ ఉంటే యాడ్‌హ్యాండ్లర్ ఏదో ఫంక్షన్లో పడి, పిలిచినప్పుడల్లా నడుస్తోంది.

ఫైల్లో 'ఎర్రర్' మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు, 31 లాంటి అంకెలు. అవి రంగుల కోడ్‌లు. కన్సోల్‌కు రంగులద్దే ఫార్మాటర్ రికార్డులోని లెవెల్ పేరునే మార్చేసింది. నాలుగు హ్యాండ్లర్లకూ వెళ్లేది ఒకే రికార్డు, నాలుగు కాపీలు కావు. ముందు నడిచినవాడు చేసిన మార్పు తర్వాతివాళ్లకు అంటుతుంది. ఫార్మాటర్‌లో ముందుగా కాపీ తీసుకుని ఆ కాపీనే మార్చండి.

ఆధార్, ఫోన్ నంబర్లు దాచే ఫిల్టర్ పెట్టినా ఫైల్లో కనిపిస్తున్నాయి. ఫిల్టర్‌ను 'బిల్లింగ్' లాగర్‌కు తగిలించారు. బిడ్డ లాగర్ల నుంచి పాకి వచ్చే మెసేజ్‌లకు అది వర్తించదు. ప్రతి హ్యాండ్లర్‌కూ తగిలించండి.

మెసేజ్ మాత్రమే ఉంది, ట్రేస్‌బ్యాక్ లేదు. ఎక్సెప్ట్ బ్లాక్‌లో ఎర్రర్ బదులు ఎక్సెప్షన్ అనే ఫంక్షన్ పిలవండి. లెవెల్ 40యే ఉంటుంది, ట్రేస్‌బ్యాక్ కలుస్తుంది.

విండోస్‌లో ఫైల్ మారే సమయానికి పర్మిషన్‌ఎర్రర్, విన్‌ఎర్రర్ 32. అదే ఫైల్‌ను ఇంకో ప్రాసెస్ తెరిచి పట్టుకుంది. థ్రెడ్‌లు ఎన్నున్నా ఇబ్బంది లేదు గానీ, రెండు ప్రాసెస్‌లు ఒకే ఫైల్‌కు రాయడానికి ఈ హ్యాండ్లర్లు పనికిరావు. ప్రాసెస్‌కు ఒక ఫైల్ ఇవ్వండి, లేదా మల్టీప్రాసెసింగ్ క్యూతో ఒక్క ప్రాసెస్‌కే రాసే పని అప్పగించండి.

లాగ్‌రొటేట్ (పాత లాగ్ ఫైళ్లను పక్కకు తీసే లినక్స్ ప్రోగ్రామ్) నడిచాక కొత్త ఫైల్ ఖాళీగా ఉంది. ప్రోగ్రామ్ ఇంకా పాత ఫైల్లోకే రాస్తోంది. ఫైల్‌ను బయటినుంచి లాగ్‌రొటేట్ మారుస్తుంటే వాచ్డ్‌ఫైల్‌హ్యాండ్లర్ వాడండి. పైథాన్ రొటేషన్, లాగ్‌రొటేట్ రెండూ ఒకే ఫైల్ మీద పెట్టొద్దు.

## 8. సర్వర్‌కు ఎక్కించే ముందు

- [ ] అమరిక ఫంక్షన్ ఒకే చోట, ఒకేసారి పిలుస్తున్నారు
- [ ] రూట్ 30, సొంత లాగర్ 10
- [ ] మెయిన్ స్క్రిప్ట్ లాగర్‌కు 'బిల్లింగ్.'తో మొదలయ్యే పేరు
- [ ] ఫైల్‌కు యూటీఎఫ్-8, బ్యాకప్‌కౌంట్ 0 కాదు
- [ ] లైన్లో టైమ్ జోన్ తేడా కనిపిస్తోంది
- [ ] 5-4-3-2 వచ్చింది, క్రాన్ యూజర్ పేరుతో నడిపినప్పుడు కూడా. టెర్మినల్ లేకపోతే కన్సోల్ అంకె 1 అవుతుంది
- [ ] తప్పు పాస్‌వర్డ్ పరీక్ష అయ్యాక అసలు పాస్‌వర్డ్ మళ్లీ పెట్టారు